చిక్కటి గ్రీజు

నాకు కోపం ఎక్కువని ఈ వీధిలో అందరికీ తెలుసు. ముక్కు మీదే ఉంటుందంటారు. ఉంటే ఉండనీ. ముప్పై ఏళ్లుగా కెమెరా లెన్సులు విప్పి బిగిస్తున్నాను, ఒక్క స్క్రూ అటుది ఇటు పెట్టిన పాపాన పోలేదు. ఇదివరకు ఎవరడిగినా, అడగకపోయినా ఈ మాట చెప్పేవాణ్ణి. ఈ మధ్య మానేశాను. ఎందుకు మానేశానో చెప్పాలంటే ఆటల అమ్మాయి సంగతి చెప్పాలి.

మాది రెండు గదుల షాపు. ముందు గదిలో మా బామ్మర్ది కౌంటరు దగ్గర కూర్చుని వచ్చేవాళ్లతో మాట్లాడతాడు. వెనక గదిలో బల్ల మీద దీపం, భూతద్దం, అగ్గిపుల్లంత స్క్రూడ్రైవర్లు పెట్టుకుని నేను పని చేస్తాను. రెంటికీ మధ్య తలుపు లేదు, తెర ఉంది. మాట్లాడటం వాడి వంతు, పని నా వంతు అన్నది మా ఆవిడ చేసిన ఏర్పాటు. నేను నోరు విప్పితే వచ్చిన గిరాకీ వచ్చినట్టే పోతుందని ఆవిడ భయం. తమ్ముడికి ఓ దారి చూపించినట్టూ ఉంటుంది, మొగుడి నోటికి తెర కట్టినట్టూ ఉంటుంది.

నన్నందరూ వెన్న మాష్టారంటారు. ఆటోఫోకస్ లేని రోజుల్లో ఫొటో తీసేవాడు లెన్సు మీద ఉన్న రింగును వేళ్లతో తిప్పుకుని బొమ్మ స్పష్టంగా కనబడేలా చేసుకునేవాడు. ఆ రింగు కింద ఒకదాంట్లో ఒకటి దూరి తిరిగే, స్క్రూలా మరలు కోసిన రెండు గొట్టాలుంటాయి. వాటి మధ్య వేసే గ్రీజును బట్టే రింగు నడక. పలచటిది వేస్తే రింగు ముట్టుకోగానే జారిపోతుంది. నేను చిక్కటిది వేస్తాను, అదీ నా లెక్కలో నేను వేస్తాను. ఆ రింగు తిప్పితే వెన్నలో వేలు పెట్టినట్టుందని ఎవరో అన్నారు, ఆ పేరు నిలిచిపోయింది. ఎవరైనా అలా పిలిస్తే పైకి విసుక్కునేవాణ్ణి గానీ, లోపల నాకా పేరంటే చచ్చేంత ఇష్టం.

ఆటల అమ్మాయి అన్నది మేం పెట్టుకున్న పేరే. పత్రికాఫీసులో కొత్తగా చేరింది. పరుగుపందేలు, బంతాటలు ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లి ఫొటోలు తియ్యడం పని. ఆర్నెల్లు చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం, లేకపోతే లేదు అని ముందే చెప్పి తీసుకున్నారట. చూసేది వాళ్ల పెద్ద ఫొటోగ్రాఫరు. ఆయన పాతికేళ్లుగా నా దగ్గరికే వస్తాడు. లెన్సు విషయంలో నా మాటంటే ఆయనకు రాతిమీద గీత.

మొదటిసారి ఆ అమ్మాయి ఓ పొడుగాటి లెన్సు తెచ్చింది. మైదానాల దుమ్మూ ఇసుకా లోపలికి పోయి, రింగు తిప్పితే కరకరమంటోంది. విప్పాను, గొట్టాలు కడిగాను, పాత గ్రీజంతా తుడిచేసి నా గ్రీజు వేసి బిగించాను. అది ఆటోఫోకస్ లెన్సే. లోపలున్న చిన్న మోటారు అవే గొట్టాలను తనంతట తాను తిప్పుకుంటుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు, తట్టక. రింగు చెడిందంది, రింగు బాగుచేశాను. అమ్మాయి తిప్పి చూసి, ఇంత హాయిగా ఏ లెన్సూ తిరగలేదని నవ్వింది. ఇంకేం కావాలి నాకు? ఆ రోజంతా ఈల వేసుకుంటూ పనిచేశాను.

రెండు వారాలకు మళ్లీ వచ్చింది. నిలబడ్డవాళ్ల ఫొటోలు బాగానే వస్తున్నాయట, పరుగెత్తేవాళ్లవి మాత్రం అలికినట్టు వస్తున్నాయట. ఒకటి చూపించింది. పరుగెత్తే మనిషి మసక, వెనక గోడ మీద రాతలు మాత్రం చదువుకోవచ్చు. ఆటోఫోకస్ ఆలస్యంగా పట్టుకుంటోందేమో అని గొణిగింది. ఆ సమయానికి పెద్ద ఫొటోగ్రాఫరు కౌంటరు దగ్గర టీ తాగుతున్నాడు. ఆయన ముందు నా పనికి వంక పెట్టేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెర తోసుకుని బయటికొచ్చాను.

లెన్సు తీసుకుని రింగు తిప్పాను. వెన్న. లోపలికి పట్టుకెళ్లి నా కెమెరాకు తగిలించి ఫోకస్ పరీక్షకు గోడమీద అంటించిన గీతల కాగితానికి గురిపెట్టాను. పదిసార్లు నొక్కితే పదిసార్లూ గీతలు వెంట్రుకల్లా విడివిడిగా వచ్చాయి. నాకింకా బలం వచ్చింది.

"లెన్సు బంగారంలా ఉంది. ఆడలేక మద్దెల ఓడంటే ఎలాగమ్మా? నీ చెయ్యి నిదానం. అదీ సంగతి," అన్నాను, అందరూ వినేలా.

పెద్ద ఫొటోగ్రాఫరు టీ గ్లాసు పెట్టేసి, ఓహో అన్నట్టు తలాడించాడు. అమ్మాయి మొహం ఎర్రబడింది. అనవసరంగా శ్రమ పెట్టానంటూ లెన్సు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. బామ్మర్ది నాకేసి అదోలా చూశాడు. చూస్తే చూశాడు, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ పూట భోజనం కూడా నిండుగా చేశాను.

మూడోసారి వచ్చినప్పుడు లెన్సు మాటే ఎత్తలేదు. తెర దగ్గర నిలబడి, చెయ్యి వేగం పెరగాలంటే ఏం చెయ్యాలో చెప్పమని అడిగింది. నేనెంతోమంది ఫొటోగ్రాఫర్లను చూశాను కదా, నాకే తెలియాలట. నా నోటికి అడ్డూ ఆపూ ఏముంది? కూర్చోబెట్టి పాఠం చెప్పాను. నీళ్లు నింపిన సీసా పట్టుకుని రోజూ మణికట్టు తిప్పమన్నాను. ఎవరినైనా పరుగెత్తించి పొద్దున్నే వంద ఫొటోలు తియ్యమన్నాను. నీ చెయ్యి నిదానం కాబట్టి మనిషి గెలుపు గీత దగ్గరికి రాకముందే నొక్కెయ్యి, అప్పటికి సరిగ్గా పడుతుంది అన్నాను. చిన్న పుస్తకంలో అన్నీ రాసుకుంది. నాకు పాఠం చెప్పడం అంత నచ్చుతుందని అప్పటిదాకా తెలియదు.

నెల దాటాక ఒక గురువారం వచ్చి, ఆదివారం బడిపిల్లల పరుగుపందేలున్నాయనీ, వాటితో తన ఆర్నెల్లూ అయిపోతాయనీ చెప్పింది. ఆ ఫొటోలు చూసి ఉంచేదీ పంపేదీ తేలుస్తానని పెద్ద ఫొటోగ్రాఫరు అన్నాడట. మాట మామూలుగానే అంది గానీ, సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూనే ఉంది. కళ్ల కింద నల్లగా ఉంది. నాకు జాలేసింది. రేపు పొద్దున నీ సాధన ఎలా ఉందో నేనే వచ్చి చూస్తానన్నాను. అంత ఉదారంగా ఎందుకన్నానో చెప్పమంటారా? నేను చెప్పిన పాఠం ఎలా పనిచేసిందో చూసుకోవాలని.

శుక్రవారం పొద్దున మైదానం దగ్గర చలి కొరికేస్తోంది. నోట్లోంచి ఆవిరి వస్తోంది. ఆదివారం పందెంలో పాల్గొనే ఆడపిల్లలు అయిదారుగురు అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. అమ్మాయి మోకాలిమీద కూర్చుని ఫొటోలు తీస్తోంది. నాలుగు చూశాను, నాలుగూ మసక. కెమెరా ఇలా ఇవ్వు, ఎలా పట్టుకోవాలో చూపిస్తానని లాక్కున్నాను.

ఒక పిల్ల వస్తోంది. గురిపెట్టి నొక్కాను. లెన్సు లోపలినుంచి ఓ మూలుగు వినిపించింది. మోటారు గింజుకుంటోంది, గొట్టం కదలడానికి మొరాయిస్తోంది. అది కదిలేసరికి పిల్ల నన్ను దాటిపోయింది. మళ్లీ తీశాను. మళ్లీ అంతే. మూడోసారి రింగు మీద వేలు పెట్టి తిప్పి చూశాను. వెన్న లేదు. చలికి గ్రీజు గట్టిపడి, మూత బిగుసుకున్న డబ్బాలా ఉంది రింగు.

నా బల్ల దగ్గర దీపం వేడికి ఆ గ్రీజు మెత్తగానే ఉంటుంది. గోడమీద కాగితం ఎక్కడికీ పరుగెత్తదు, మోటారు ఎంత నెమ్మదిగా వచ్చినా ఎదురు చూస్తుంది. నేను వేళ్లతో తిప్పి మురిసిపోయే చిక్కదనం ఆ బుల్లి మోటారుకు బురదలో నడక. ముప్పై ఏళ్లు వేళ్ల కోసం చేసిన పనిని, వేళ్లతో పనిలేని లెన్సుకు చేసి కూర్చున్నాను. అమ్మాయి చెయ్యి నిదానం కాదు. నా గ్రీజు నిదానం.

ఏమైంది మాష్టారూ అని అడిగింది. ఏం లేదు, లెన్సు ఇలా ఇవ్వు, రేపు సాయంత్రానికి ఇస్తాను అన్నాను. తప్పు నా చేతిది కదా, లెన్సెందుకు అంది. ఇమ్మంటే ఇవ్వవేం అని కసిరాను. తప్పు చేసిందీ నేనే, కసిరిందీ నేనే. లెన్సు పట్టుకుని తేలు కుట్టిన దొంగలా షాపుకొచ్చాను.

విప్పి చూస్తే ఇంకా అనుమానమేముంది, తేనెరంగులో నా గ్రీజు మరలకు అంటుకుని ఉంది. ఒక్క మర వదలకుండా కడిగాను. పలచటి గ్రీజు సూది మొనతో చుక్కంటే చుక్క రాసి బిగించాను. ఈసారి వేళ్లను నమ్మలేదు. లెన్సును గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టాను. మా ఆవిడ కూరగాయల కోసం తలుపు తీసి, ఇదేమిటీ కొత్తరకం సొరకాయ అంది. శనివారం మధ్యాహ్నం దాన్ని బయటికి తీసి, సంచి మీద చెమ్మ ఆరాక, చల్లదనం పోకముందే వీధిలోకి పట్టుకెళ్లి, మా బామ్మర్దిని సైకిలు మీద నాకేసి తొక్కమన్నాను. పదకొండుసార్లు తొక్కించాను. పదకొండు ఫొటోల్లోనూ వాడి విసుగు స్పష్టంగా పడింది.

వాడు చెమట తుడుచుకుంటూ, ఇంతకీ ఏం చెడింది బావా అని అడిగాడు. ఏమీ చెడలేదే, ఎందుకడుగుతున్నావు అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస అన్నాడు. అప్పుడు చెప్పాను. వాడు సైకిలుకు స్టాండు వేశాడు. తర్వాత, మోటారులో చిన్న పార్టు పోయింది, మార్చానని చెప్పెయ్యి, అందరూ చెప్పేది అదే కదా అన్నాడు. అమ్మాయికి లెన్సు బాగవుతుంది, నా పేరు పేరుగా ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. వినడానికి బాగుంది. సరేనన్నాను.

ఆ సాయంత్రం లెన్సు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మేడమీద రెండు గదులు. గోడవార కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన బడిపిల్లల చొక్కాలు. తలుపు తీసిన వాళ్లమ్మ కుంటుతూ వెళ్లి కుర్చీ లాగింది. కాలికేమైందమ్మా అని అడిగాను.

ఆవిడ నవ్వింది. "మీ పుణ్యమా అని ఈ వయసులో పరుగు నేర్చుకున్నానండీ. ఎవరినైనా పరుగెత్తించి ఫొటోలు తియ్యమన్నారట కదా. దానికి నేను తప్ప ఎవరున్నారు? రోజూ పొద్దున్నే ఈ సందు ఆ చివరనుంచి ఈ చివరకి ఇరవైసార్లు. మోకాళ్లు మొదట్లో గోల పెట్టాయి, ఇప్పుడు అలవాటు పడ్డాయి."

ఆవిడ లాగిన కుర్చీలో కూర్చున్నాను గానీ ఆ మోకాళ్లకేసి చూడలేకపోయాను. లోపలినుంచి అమ్మాయి వచ్చింది. లెన్సు చేతికిచ్చి, అనుకున్న మాట అప్పజెప్పాను. మోటారులో చిన్న పార్టు పోయింది, మార్చాను, ఇక చూసుకో అన్నాను. అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో. అమ్మాయి కెమెరాకు తగిలించి, కిటికీలోంచి వీధిలో పోయేవాళ్లకు గురిపెట్టి, వాళ్లమ్మను పిలిచి చూపించింది. ఇద్దరూ సంబరపడ్డారు. అక్కడితో లేచి వచ్చేస్తే కథ లేదు.

"పార్టు ఈమధ్యే పోయుంటుంది మాష్టారూ," అంది అమ్మాయి. "మొదట్నించీ నాది నిదానం చెయ్యేగా. మీరు ఆరోజు మొహమాటం లేకుండా చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే లెన్సు మీద తోసేసి కూర్చునేదాన్ని. రేపు వాళ్లు తీసుకోకపోయినా మీ మీద నాకేం లేదు. నా చేతికి అంతే రాసిపెట్టుందనుకుంటాను."

లెన్సు బాగయింది. నేనన్న మాట మాత్రం ఆ పిల్ల ఒంట్లో అలాగే ఉంది. పార్టు అబద్ధం దాన్ని తియ్యలేదు సరికదా, ఇంకా లోపలికి దిగగొట్టింది. కక్కలేక మింగలేక ఓ నిమిషం కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నాకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

"పార్టేమీ పోలేదమ్మా," అన్నాను. "మొదటిసారి తెచ్చినప్పుడు నేనే చిక్కటి గ్రీజు వేశాను. మోటారు లాగలేకపోయింది. మద్దెల ఓడేనమ్మా. ఓడు చేసింది నేను."

కుట్టుమిషను దగ్గర వాళ్లమ్మ నిలబడిపోయింది. అమ్మాయి నన్ను చూస్తూ ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. నెమ్మదిగా, అయితే నా చెయ్యి మంచిదేనా అని అడిగింది.

అవునని చెప్పెయ్యొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ అదీ ఇంకో అబద్ధమే అవుతుంది.

"తెలియదమ్మా. నీ చెయ్యి నేనెప్పుడూ చూడలేదు. చూడకుండానే అన్నాను."

అప్పుడు కోపమొచ్చింది ఆ పిల్లకి. గొంతు మాత్రం పెంచలేదు. రెండు నెలలు, అంది. ఆఫీసులో అందరూ నవ్వుతుంటే నా చెయ్యే కదా అని ఊరుకున్నానంది. అమ్మను పరుగెత్తించానంది. వాళ్లమ్మ, పోనీలేవే, పెద్దాయన ఇంటికొచ్చి ఒప్పుకున్నాడు అని సర్దబోయింది. అమ్మాయి వినలేదు. ఇంట్లో ఒప్పుకుంటే సరిపోదు, ఆరోజు పెద్దసారు ముందన్నారు, రేపు పెద్దసారు ముందే చెప్పండి అంది. న్యాయమే. వస్తానన్నాను.

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. వడ్డించే గరిటె అలాగే పట్టుకుని విని, మీ నోటికి తెర కట్టాను గానీ తలుపు పెట్టించాల్సింది అంది. గరిటె గిన్నెలో పెట్టి, రేపు స్వెట్టరు వేసుకుని వెళ్లండి, చలిగా ఉంటుంది అని కూడా అంది.

ఆదివారం పొద్దున మైదానం నిండా జనం. అమ్మాయి గీత పక్కన చోటు చూసుకుని కూర్చుంది. నేను ఆమె వెనక తాడు దగ్గర నిలబడ్డాను. మొదటి పందెం, రెండోది, మూడోది. లెన్సు చప్పుడు లేకుండా పనిచేస్తోంది, అది నా చెవులకు తెలుస్తోంది. కానీ పందెం అయ్యాక ఫొటోలు చూసుకుంటున్న కొద్దీ ఆమె వీపు వంగిపోతోంది. ఉండబట్టలేక వంగి చూశాను. ఫొటోలు అద్దంలా ఉన్నాయి. కానీ ప్రతిదాంట్లోనూ గెలిచిన పిల్ల గీతకు ఇంకా రెండడుగుల ఇవతలే ఉంది. రిబ్బను ఎవరూ తాకకుండా బిగుతుగా ఉంది. నొక్కవలసిన క్షణానికి ముందే నొక్కేస్తోంది. రాకముందే నొక్కెయ్యమని చెప్పిన మహానుభావుణ్ణి నేనే. లెన్సులోంచి గ్రీజు కడిగేశాను గానీ, ఆ వేలిలోంచి దేనితో కడగాలి?

పెద్ద ఫొటోగ్రాఫరు వచ్చి పొద్దుటి ఫొటోలు చూశాడు. లెన్సు బాగయిందన్నావు కదమ్మాయ్, స్పష్టంగా ఉన్నాయి గానీ ఒక్కటీ సమయానికి లేదే అన్నాడు. చుట్టూ మిగతా పత్రికల వాళ్లు నలుగురైదుగురున్నారు. అమ్మాయి నాకేసి చూడలేదు. తల దించుకుని నిలబడింది. నేను తాడు కింద నుంచి దూరి వెళ్లాను. ఈ నడుముకి అదే ఎక్కువ.

ఆయనకు అంతా చెప్పాను. గ్రీజు సంగతి, చూడకుండా అన్న మాట సంగతి, ముందే నొక్కమని చెప్పిన పాఠం సంగతి. నా గొంతు ఎప్పటిలాగే పెద్దది, అందరికీ వినిపించింది. ఒకాయన వెన్న మాష్టారేనా అని పక్కవాణ్ణి అడిగాడు. నేనే అన్నాను. పెద్ద ఫొటోగ్రాఫరు నుదురు రుద్దుకున్నాడు. రెండు నెలలుగా ఆ మాట పట్టుకునే ఈ అమ్మాయి ఫొటోలు చూస్తున్నానన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత ఆమె వైపు తిరిగి, లెన్సు సంగతి తేలింది, నీ సంగతి తేలాలి, ఆఖరి పందేలు నాలుగింటికి అని చెప్పి వెళ్లిపోయాడు. కఠినంగానే అన్నాడు, కానీ అన్యాయంగా అనలేదు.

నేనేదో ధైర్యం చెప్పబోయాను. అమ్మాయి చెయ్యెత్తి ఆపింది.

"మీరేమీ చెప్పకండి మాష్టారూ. నా వెనక నిలబడకండి కూడా. మీరుంటే మీ మాటే వినిపిస్తోంది."

సరేనని మైదానం దాటి, గేటు బయట సైకిళ్లు పెట్టే చోటికి వెళ్లి నిలబడ్డాను. అక్కడినుంచి గోడ తప్ప ఏమీ కనబడదు. మధ్యాహ్నం భోజనానికి కూడా కదల్లేదు. లోపల ఆమె చిన్నపిల్లల ఉత్తుత్తి పరుగులన్నీ తీస్తూ, ఆగి నొక్కడం మళ్లీ నేర్చుకుంటోందని టీ కోసం బయటికొచ్చిన ఫొటోగ్రాఫరొకడు చెప్పాడు. నాలుగయింది. తుపాకీ పేలింది. అరుపులు లేచాయి, పెరిగాయి, ఆగిపోయాయి. మళ్లీ పేలింది. గోడ ఇవతల నిలబడి వేళ్లు విరుచుకోవడం తప్ప నేను చెయ్యగలిగిందేమీ లేదు. ఎవరి పనికోసమూ నేనంత భయపడలేదు, నా పనికోసం కూడా.

అయిదు కావస్తుండగా అమ్మాయి గేట్లోంచి వచ్చింది. మోకాళ్ల నిండా మట్టి, చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. దగ్గరికొచ్చి కెమెరా నా ముందు పెట్టింది.

"పెద్దసారు చూశారు. మొదటి పేజీకి తీసుకున్నారు. రేపు ఉద్యోగం కాగితం ఇస్తామన్నారు," అంది. "మీరూ చూడండి. ఈసారి చూసి చెప్పండి."

చూశాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. రిబ్బను గెలిచిన పిల్ల ఛాతీకి తగిలి అప్పుడే మెలితిరుగుతోంది, ఇంకా తెగలేదు. కళ్లు మూసుకుని ఉంది, రెప్పవెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. రెండో పిల్ల పక్కనుంచి ఆమెకేసి చూస్తోంది, ఓడిపోయానని అప్పుడే తెలిసినట్టుంది. అరక్షణం ముందైతే ఆ చూపు లేదు, అరక్షణం తర్వాతైతే ఆ రిబ్బను లేదు. ముప్పై ఏళ్లలో ఎన్ని వేల ఫొటోలు చూసుంటాను, ఇంత సరిగ్గా పడ్డవాటిని వేళ్లమీద లెక్కపెట్టగలను. చాలాసేపు చూశాను. ఆమె తొందరపెట్టలేదు.

"నీ చెయ్యి చాలా మంచిదమ్మా," అన్నాను.

"తెలుసండీ," అంది. కెమెరా నా చేతిలోంచి తీసుకుని మెళ్లో వేసుకుంది. ఇంకా జట్ల పరుగు మిగిలి ఉందని చెప్పి, లోపలికి పరుగెత్తింది.